స్వెట్టరు మోచేతి మీద రఫ్ఫు

మర్డీనా ఎవరినైనా చూసేటప్పుడు ముందు ఒంటిమీది ఉన్ని చూస్తుంది, తర్వాతే మొహం చూస్తుంది. హారిస్ దీవిలో టార్బర్ట్ రేవు దగ్గర ఉన్ని దుకాణం నడిపే మనిషికి అది తప్పని అలవాటు. అందుకే ఆ గురువారం మధ్యాహ్నం పడవ నడిపే ఫార్కర్ ఆమె వంటింటి తలుపు తోసుకుని వచ్చి, తడి కోటు విప్పి కుర్చీకి తగిలించగానే ఆమె చూపు తిన్నగా అతని ఎడమ మోచేతి మీదికి పోయింది.

ముదురు నీలం స్వెట్టరు. ఆమె అల్లిందే. చలికాలమంతా దుకాణం కట్టేశాక పొయ్యి ముందు కూర్చుని అల్లింది. ఇచ్చేటప్పుడు మాత్రం, "పడవ పని బాగా చేస్తున్నావు కదా, బోనసనుకో," అని కౌంటరు మీదుగా తోసింది. ఇప్పుడు దాని మోచేతి దగ్గర చిరుగు పడింది. చిరుగుకి ఎవరో రఫ్ఫు చేశారు. నీలం మీద ఆవపువ్వు పసుపు. గుడ్డివాడికైనా కనబడేటట్టు.

"మోచెయ్యి ఎప్పుడు చిరిగింది?" అంది సూపు గిన్నె అతని ముందు పెడుతూ.

"చుక్కాని దగ్గర మేకు పట్టుకుంది."

"నా దగ్గరికి తేకపోయావా? ఆ నీలం ఉన్ని ఇంకా ఉంది."

"నీకెందుకులే శ్రమ. మీ అక్క చేసిపెట్టింది." ఫార్కర్ రొట్టె తుంచి సూపులో ముంచాడు. "పప్పుబార్లీ ఈవేళ బాగా ఉడికింది సుమా."

అతను చెప్పకపోయినా ఎవరు చేశారో ఆమెకి తెలిసేదే. అక్క ఊనాది ఎడమచేతి వాటం. ఆమె కుట్టు ఎప్పుడూ అటువైపుకి వాలుతుంది. చిన్నప్పుడు అమ్మ విప్పించి మళ్ళీ కుట్టించినా వాలడం మానలేదు. అతను సూపు తాగినంతసేపూ మర్డీనా ఆ వాలిన కుట్టునే చూసింది. 

దుకాణంలో ముందుభాగం ఉన్ని, వెనకభాగం పెళ్ళిళ్ళు. ఇంటివాళ్ళకి చెప్పకుండా లేచిపోయి పెళ్ళి చేసుకునేవాళ్ళు ఎక్కడెక్కడినుంచో హారిస్ దీవికి వస్తారు. తెల్లటి ఇసుక, పచ్చటి సముద్రం, మనిషన్నవాడు లేని ఒడ్డు. వాళ్ళకి కావలసింది ఆ ఇసుక. వాళ్ళకి తెలియనిది చట్టం. ఇద్దరూ విడివిడిగా రిజిస్ట్రారుకి నోటీసు ఇవ్వాలి. పుట్టిన కాగితం, ముందు పెళ్ళి ఉంటే అది ఎలా ముగిసిందో ఆ కాగితం చూపించాలి. అన్నీ సరిగ్గా ఉంటేనే రిజిస్ట్రారు పెళ్ళిపత్రం రాసిస్తుంది. దాన్ని జంటలో ఒకరు స్వయంగా వెళ్ళి తెచ్చుకోవాలి. అది చేతిలో లేకపోతే పెళ్ళి జరిపించేవాళ్ళు నోరు కూడా తెరవరు. ఇద్దరు సాక్షులు ఉండాలి. వానకి కరగని సిరా ఉండాలి. ఎంత తొందరపడి వచ్చినవాళ్ళకైనా మర్డీనా చెప్పేది ఒకటే: "ప్రేమ మీరు తెచ్చుకోండి. మిగతాది నేను చూసుకుంటాను." ఆమె చేతిమీదుగా వెళ్ళిన జంట ఏదీ రిజిస్ట్రారు గుమ్మం నుంచి ఉత్తచేతులతో తిరిగిరాలేదు. ఆ పేరే ఆమె పెట్టుబడి.

జంటల్ని పడవలో ఒడ్డుకి చేర్చేది ఫార్కర్. గురువారం గురువారం వచ్చి లెక్క చూసుకుంటాడు. లెక్క అయిదు నిమిషాల పని. సూపుకి, ఆ తర్వాత టీకి, ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళ మీద నవ్వుకోవడానికి మధ్యాహ్నమంతా పడుతుంది. ఏళ్ళ తరబడి అలాగే సాగింది.

దుకాణం వెనకగదిలో ఒక అర ఉంది. ఎవరైనా నచ్చిన ఉన్ని ఏరుకుని బయానా ఇచ్చి వెళితే ఆ అరలో పెడుతుంది. ఇక దాన్ని ఎవరు అడిగినా ఇవ్వదు. ఫార్కర్ ఆమె మనసులో అలాంటి అరలో ఉన్నాడు. బయానా కూడా ముట్టింది. అలాగని ఆమె నమ్మకం.

ఆ బయానా సంగతి పాతది. ఊనాకి నార్మన్‌తో పెళ్ళి కుదిరినప్పుడు ఇంట్లో రేచాఖ్ జరిగింది. ఆ దీవుల్లో నిశ్చితార్థానికి అదే పేరు. పెళ్ళికొడుకు నోరు విప్పడు. అతని తరఫున ఒక మాటకారి వస్తాడు. వచ్చినవాడు పిల్ల కావాలని అడగకూడదు. మందలోకి మంచి గొర్రె కావాలనో, రేవులోకి పడవ కావాలనో బేరం మొదలుపెట్టాలి. ఇంటివాళ్ళూ అసలు పిల్లని వెంటనే బయటపెట్టరు. పక్కింటి ముసలమ్మనో, చెల్లెల్నో ముందుకి తోసి, "నువ్వడిగింది ఇదేనా?" అంటారు. మాటకారి ఆ మనిషి మనసు నొప్పించకుండా, నాలుగు మెచ్చుకోళ్ళు చెప్పి కాదనాలి. అందరూ కడుపుబ్బా నవ్వుకున్నాక పెళ్ళికూతురు వస్తుంది.

నార్మన్ తరఫు మాటకారి ఫార్కర్. ముందుకి తోసిన గొర్రె మర్డీనా. అప్పటికి ఆమెకి ఇరవై దాటి ఎంతో కాలేదు. ఫార్కర్ ఆమెని ఎగాదిగా చూశాడు, చుట్టూ తిరిగి చూశాడు, నిట్టూర్చాడు.

"ఇది మావాడికి వద్దు," అన్నాడు. "ఇంత మంచిది కంటబడ్డాక పరాయివాడి చేతిలో ఎలా పెడతాను? దీన్ని నా దొడ్లోనే కట్టేసుకుంటాను."

ఇల్లంతా గొల్లుమంది. మర్డీనా కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ మాటని లోపల పెట్టి తాళం వేసుకుంది. సంతకం లేనిదే కండె దారం కూడా అరువివ్వని మనిషి, ఆ ఒక్క మాటకి సంతకం అడగలేదు. ఫార్కర్ తర్వాత చేపల పడవల మీద, సముద్రంలో నూనె బావుల దగ్గర చాలాకాలం తిరిగి, ఒంటరిగానే ఊరికి వచ్చాడు. ఎవరినీ చేసుకోలేదు. దాన్నీ ఆమె తన జమలోనే వేసుకుంది.

తర్వాతి సోమవారం ఊనా దుకాణానికి వచ్చింది. చంకలో పాత బిస్కెట్ల డబ్బా.

"కూర్చో అక్కా."

"కూర్చోడానికి రాలేదే. గిరాకీగా వచ్చాను."

"ఏం ఉన్ని?"

"ఉన్ని కాదు, వెనక గది సరుకు. పెళ్ళి."

"ఎవరిది?"

"నాది. నవ్వుతావో ఏడుస్తావో ఇప్పుడే కానిచ్చెయ్యి. తర్వాత పనిలో పడదాం."

మర్డీనా రెండూ చెయ్యలేదు. పెన్సిలు చేతిలోకి తీసుకుంది. గిరాకీలందరినీ అడిగే గొంతుతోనే అడిగింది. "పెళ్ళికొడుకు పేరు?"

"తెలిసి అడుగుతావేం?" అంది ఊనా.

పెన్సిలు మొన పుటుక్కున విరిగింది. మర్డీనా కొత్త మొన చెక్కుకుంటూ, మొహం కిందికే ఉంచి, "ఈ వయసులో లేచిపోవడమేంటక్కా? నిన్ను ఆపేదెవరు?" అంది.

"మా మరిది కాలమ్. చర్చి పెద్ద కదా. తెలిసిందంటే, పోయిన అన్న పెళ్ళానికి మళ్ళీ పెళ్ళేంటని పెద్దలందర్నీ వెంటేసుకొచ్చి నా ముందుగదిలో ప్రార్థన మొదలెడతాడు. మోకాళ్ళ నొప్పులతో ఒక్కడూ లేవలేడు. వాళ్ళకి టీలు కాచి కాచి నా పెళ్ళి తేదీ దాటిపోతుంది."

మరొకప్పుడైతే మర్డీనా పడిపడి నవ్వేది.

విషయం ఇదీ. ఫార్కర్‌కి దూరాన ఆర్క్నీ దీవుల రేవులో పడవ ఉద్యోగం వచ్చింది, ఇల్లు కూడా ఇస్తారు. జూన్ మొదట్లో చేరాలి. ఊనా భార్యగా వస్తే వెళ్తాడు. రాకపోతే ఉద్యోగం వదులుకుని ఇక్కడే ఉంటాడు. పెళ్ళి కాకుండా ఆ ఇంట్లో కాలు పెట్టనని ఊనా తేల్చేసింది. హారిస్‌లో నోటీసు ఇస్తే ఇద్దరి పేర్లూ కార్యాలయంలో అందరికీ కనబడేలా తగిలిస్తారు, సాయంత్రానికల్లా కాలమ్ చెవిలో పడుతుంది.

"స్కై దీవిలో ఇవ్వండి," అంది మర్డీనా. నోటికి అలవాటైన పని నోరే చేసుకుపోయింది. "పెళ్ళి ఎక్కడైతే నోటీసూ అక్కడే. అక్కడ పోర్ట్రీ కార్యాలయం గోడ మీద నీ పేరు చదివేవాళ్ళెవరు?"

"చూశావా, అందుకే నీ దగ్గరికి వచ్చింది," అని ఊనా డబ్బా మూత తీసింది.

పుట్టిన కాగితం ఉంది. నార్మన్‌తో పెళ్ళి కాగితం ఉంది. నార్మన్ పోయిన కాగితం కూడా ఉంది. అతను ఓడ ఇంజనీరు, పన్నెండేళ్ళ కిందట లిస్బన్ ఆసుపత్రిలో పోయాడు. కాగితం మీద పోర్చుగీసు ముద్రలు, పోర్చుగీసు రాత. ఇంగ్లీషులోకి అధికారికంగా అనువాదం చేయించి జతచేస్తే తప్ప రిజిస్ట్రారు దాన్ని ఒప్పుకోదని మర్డీనాకి చూడగానే తెలిసింది. ఇలాంటివి ఎన్నో చేయించింది. గ్లాస్గోలో దానికి ఆమెకొక మనిషి కూడా ఉంది.

"ఇవి చాలా?" అంది ఊనా.

"చాలు," అంది మర్డీనా.

ఊనా వెళ్ళిపోయాక ఆమె దుకాణం తలుపు వేసి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఎప్పుడూ ఇంతే. పాల మీద మీగడ అక్కదే. పొయ్యి దగ్గరి కుర్చీ అక్కదే. నార్మన్ అక్కకే దొరికాడు. తన వంతు తినేసిన మనిషి మళ్ళీ వరసలో నిలబడి రెండో వంతు పుచ్చుకుంటోంది. ఒక్కసారీ తినని మనిషి వడ్డించాలట. పైగా వడ్డించమని అడగడానికి మొహమాటమైనా లేదు.

రెండు వారాలకి పోర్ట్రీ నుంచి ఫోనొచ్చింది. రిజిస్ట్రారు గొంతు మర్యాదగా ఉంది. "నోటీసులు సరిగ్గా ఉన్నాయండీ. ఆ పోర్చుగీసు కాగితానికి అనువాదం రాలేదు. అది వస్తేగాని పెళ్ళిపత్రం ఇవ్వలేను."

"పంపిస్తాను," అంది మర్డీనా.

పంపలేదు. అబద్ధం ఆడక్కర్లేదు, ఎవరి మీదా నింద వెయ్యక్కర్లేదు, ఊరుకుంటే చాలు. రోజులు వాటంతటవే గడుస్తాయి. పెళ్ళినాడు ఊనా కొత్త టోపీ పెట్టుకుని వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొస్తుంది. ఆర్క్నీవాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు. ఫార్కర్ ఉండిపోతాడు. గురువారాలు ఉండిపోతాయి. ఈ వ్యాపారంలో తనకి పోయేది ఒక్కటే, తన పేరు. ఆ ఒక్కదాన్నీ ఆమె తక్కెట్లో వేసి చూసింది. అటువైపు గురువారాలే బరువుగా ఉన్నాయి.

ఆ రోజుల్లో ఆమె కంటికి ఊనా తప్ప ఏమీ ఆనలేదు. అక్క పెరట్లో ఆరేసిన బట్టల్లో మగవాడి మేజోళ్ళు ఉన్నాయా అని అటుగా పనికట్టుకుని నడిచింది. ఉన్నాయి. అక్క పొయ్యిలోకి పీట్ గడ్డలు దాచుకునే కొట్టం మీద కొత్త రేకు మెరిసింది. తన దుకాణం కప్పు కారుతోందని పోయిన శరదృతువు నుంచి ఫార్కర్‌కి చెబుతూనే ఉంది. "చూద్దాం చూద్దాం" అన్నాడు. అక్క కొట్టానికి మాత్రం ఎవరూ చెప్పకుండానే రేకు పడింది. ఆ రేకు మీద ఎండ పడితే మర్డీనా కడుపులో మంట పుట్టేది.

పెళ్ళికి వారం ఉందనగా ఫార్కర్ ఎప్పటిలాగే వచ్చాడు. సూపు ముట్టుకోలేదు. టోపీ చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఏమయింది? ఉప్పెక్కువైందా?"

"కాదు మర్డీనా. ఒక సంగతి తొలుస్తోంది. లేచిపోవడం ఊనాకి బాగానే ఉంది. నాకే దొంగతనంలా ఉంది. ఇంతమంది రేచాఖ్‌లకి మాటకారిగా పోయాను, నా దగ్గరికొచ్చేసరికి ఎవరినీ అడక్కుండా ఎత్తుకుపోతున్నాను. ఆ ఇంటివాళ్ళలో మిగిలింది నువ్వొక్కదానివే. నిన్నయినా అడగాలి కదా?"

"అడుగు మరి."

"ఇప్పుడా? ఇక్కడా?"

"సూపు చల్లారితే మళ్ళీ వేడి చేస్తాలే. అడుగు."

ఫార్కర్ లేచాడు. టోపీ పెట్టుకుని గుమ్మం బయటికి పోయి, తలుపు కొట్టి మళ్ళీ లోపలికి వచ్చాడు. యాభై దాటిన మనిషి మొహంలో పాత కొంటెతనం పాకింది. "అమ్మా, దూరం నుంచి వచ్చాను. చలికాలం వస్తోంది. మా దొడ్లో ఒక్క గొర్రె కూడా లేదు. మీ మందలో ఒక మంచిది ఉందని విన్నాను."

 ఆచారం ప్రకారం అసలుదాన్ని వెంటనే ఇవ్వకూడదు. ముందు ఇంకొకదాన్ని చూపించాలి. ఆ వంటింట్లో ఇంకెవరున్నారు?

ఆమె చేతులు తుడుచుకుని, ఏప్రను సరిచేసుకుని, అతని ఎదుటికి వచ్చి నిలబడింది. "నువ్వడిగింది ఇదేనా?"

ఫార్కర్ నవ్వాడు. ఎగాదిగా చూశాడు. చుట్టూ తిరిగాడు. నిట్టూర్చాడు. తడుముకోకుండా, పాఠం అప్పజెప్పినట్టు, "ఇది మావాడికి వద్దు," అన్నాడు. "ఇంత మంచిది కంటబడ్డాక పరాయివాడి చేతిలో ఎలా పెడతాను? దీన్ని నా దొడ్లోనే..."

ఆగిపోయాడు. తల గోక్కున్నాడు. ఒక్కసారిగా పగలబడి నవ్వాడు.

"ఛ, ఈ ముక్క ఇక్కడ పనికిరాదు! పెళ్ళికొడుకునీ నేనే, మాటకారినీ నేనేనాయె. మా మావయ్య నేర్పాడు ఇది. ఏ ఊరు పోయినా, ముసలమ్మని తోసినా, చంటిపిల్లని తోసినా ఇదే చెప్పమనేవాడు. ఒక్కసారీ గురి తప్పలేదు. ఎన్ని రేచాఖ్‌లలో వాడానో దీన్ని!"

"మా అక్క రేచాఖ్‌లో కూడా వాడావు," అంది మర్డీనా.

"వాడే ఉంటాను. ఎవరిని తోశారప్పుడు?"

మర్డీనా అతని కళ్ళలోకి చూసింది. అక్కడ దాచుకున్నదేమీ లేదు. నిజంగానే గుర్తులేదు.

"గుర్తులేదు," అంది. "ఎవరో ముసలమ్మ. కానివ్వు, ఆచారం మధ్యలో ఆపకూడదు. నా ప్రశ్నకి జవాబు చెప్పు."

ఫార్కర్ గొంతు సవరించుకున్నాడు. ఈసారి నెమ్మదిగా, మర్యాదగా అన్నాడు. "మంచిదే అమ్మా. కాని నేనడిగింది ఇది కాదు."

"అయితే నీదేదో నువ్వు తోలుకుపో," అంది మర్డీనా. సూపు గిన్నె పొయ్యి మీదికి తీసుకుపోయి, అది మళ్ళీ పొగలు కక్కేదాకా అతని వైపు తిరగలేదు.

అతను వెళ్ళాక ఆమె కూర్చుని లెక్క చూసుకుంది. ముప్పై ఏళ్ళకి పైగా అరలో దాచిన సరుకు. బయానా ఇచ్చినవాడు ఇవ్వలేదంటున్నాడు. ఇచ్చినట్టు తన నవ్వు తప్ప సాక్ష్యం లేదు. దుకాణంలో ఇంకెవరైనా ఇలాంటి లెక్క తెస్తే ఏం చెప్పేది? మొండిబాకీ, కొట్టేసుకోండి, అనేది. ఇంక అక్క పెళ్ళి ఆపితే ఒరిగేదేమిటి? అతను ఉండిపోతాడు. గురువారం ఇక్కడ సూపు తాగి, మిగతా రోజులు అక్క కొట్టానికి రేకులు కొడతాడు. దానికోసం తన పేరు పెట్టుబడిగా పెట్టాలా? అంత నష్టపు బేరం ఆమె జన్మలో చెయ్యలేదు.

మంట చల్లారిందా అంటే, లేదు. మంట వేరు, బేరం వేరు.

తెల్లారగానే గ్లాస్గోకి ఫోను చేసింది. "లిస్బన్ ఆసుపత్రి కాగితం. నకలు పంపుతున్నాను. అనువాదం ముద్ర వేసి తిన్నగా పోర్ట్రీ పంపాలి. ఆలస్యమైతే లాభం లేదు."

అవతల ఆమె ఆవలించింది. "మనిషి పోయి పన్నెండేళ్ళయిందంటున్నావు కదమ్మా. ఇప్పుడేం తొందర?"

"పోయినాయనకి లేదు. బతికున్నవాళ్ళకే."

తొందరకి అయ్యే అదనపు ఖర్చు అక్క బిల్లులో వేసింది. అంత మంచిదాన్నయిపోయానని ఎవరూ అనుకోనక్కర్లేదు.

పెళ్ళిరోజు పొద్దున్నే ముగ్గురూ ఫార్కర్ పడవలో స్కైకి బయల్దేరారు. అనువాదం చేరిందో లేదో మర్డీనాకి తెలియదు. ముందురోజు ఎన్నిసార్లు ఫోను చేసినా పోర్ట్రీ లైను కలవలేదు. చేరకపోతే ఆ గుమ్మం ముందు ఏం చెప్పాలో నోటికి రాలేదు.

దారిలో అలలు లేచాయి. ఊనా కొత్త టోపీ ఒళ్ళో పెట్టుకుని పక్కకి వంగి కక్కుకుంది. ఫార్కర్ చుక్కాని మర్డీనా చేతికిచ్చి, పోయి ఊనా నుదురు పట్టుకున్నాడు. పైదాకా ఎగలాగిన పెళ్ళి కోటు చేతుల్లోంచి నీలం స్వెట్టరు, దాని పసుపు మోచెయ్యి తొంగిచూస్తోంది. మర్డీనాకి ఏ తుఫానులోనూ కడుపు తిప్పదు. సముద్రం పడని మనిషికి పడవవాడు, పడవ నడపగలిగిన మనిషికి చుక్కాని. ఈ పంపకం చేసినవాడెవడో కనబడితే కడిగేద్దామనుకుంది.

పోర్ట్రీ కార్యాలయంలో రిజిస్ట్రారు కాగితాలు ముందేసుకుని నెమ్మదిగా తిరగేసింది. ఆమె పేజీ తిప్పినప్పుడల్లా మర్డీనా అనువాదం ముద్ర కోసం తొంగిచూసింది.

"అనువాదం నిన్న సాయంత్రం వచ్చింది," అంది రిజిస్ట్రారు. "రాదేమోననే అనుకున్నాను. ఆ రోజు ఫోనులో చెప్పాను కదండీ."

"చెప్పారు," అంది మర్డీనా.

ఊనా తల తిప్పి చెల్లెల్ని చూసింది.  పెళ్ళిపత్రం తీసుకుని సంచీలో పెట్టుకుంది.

పెళ్ళి ఊరవతల సముద్రం మీదికి ఉన్న గడ్డిగుట్ట మీద. జరిపించడానికి ఇష్‌బెల్ అనే ఆమె గొడుగుతో ఎదురుచూస్తోంది. రెండో సాక్షిగా, దారిలో సైకిలు ఆపి శాండ్‌విచ్ తింటున్న ఒక డచ్ పెద్దాయన్ని మర్డీనా బేరమాడి తెచ్చింది. తన శాండ్‌విచ్ అయిపోయేదాకా ఆగాలని ఆయన షరతు. ఆ ఆగినంతలోనే వాన అందుకుంది.

"ఆ గొర్రెల పాకలోకి పోదాం," అన్నాడు ఫార్కర్.

"కుదరదు," అంది మర్డీనా. "పత్రంలో ఈ గుట్ట పేరే రాసుంది. పాకలో చేసుకోవాలంటే మళ్ళీ పోర్ట్రీ పోయి రాయించుకురా."

"నాలుగడుగులే కదా!"

"చట్టానికి అడుగులు తెలియవు. తడవండి."

తడిశారు. ఊనా టోపీ ఈకలు మెడమీదికి కారిపోయాయి. అది చూస్తే మర్డీనాకి ఆ నెలలో మొదటిసారి కాస్త ప్రాణం కుదుటపడింది. కాని వాన ముక్కుమీంచి కారుతుంటే ఊనా "ఒప్పుకుంటున్నాను" అన్నప్పుడు ఫార్కర్ మొహం చూసి, ఆ కాస్తా పోయింది. అలాంటి మొహం గురువారం వంటింట్లో ఎన్నడూ కనబడలేదు. సూపు ఎంత బాగా కుదిరినా సరే.

ఇష్‌బెల్ గొడుగు కింద పత్రం పరిచింది. సిరా మర్డీనాదే. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు సంతకాలు చేశారు. డచ్ పెద్దాయన చేశాడు. మర్డీనా కలం అందుకుంది.  ఎప్పటి సంతకమే, ఎప్పటి వంకర గీతే.

ఫార్కర్ రెండు చెవుల కొయ్యగిన్నెలో విస్కీ పోసి ఇష్‌బెల్‌కి, డచ్ ఆయనకి తాగిస్తున్నాడు. ఊనా చెల్లెలి పక్కన గొడుగులోకి దూరింది.

"ఎప్పుడు పంపావే?" అంది మెల్లగా.

"ఏది?"

"నాటకాలాడకు. డబ్బా మూత తీసినప్పుడే నీ మొహం చూశాను. ఆ కాగితం చాలదని నీకు తెలుసు. నాకూ తెలుసు."

మర్డీనా గిరుక్కున ఆమె వైపు తిరిగింది. "తెలిసి ఊరుకున్నావా?"

"నువ్వు ఆపుతావనుకున్నాను. చివరికి పంపుతావనీ అనుకున్నాను. అందుకే గదే పని నీ చేతికిచ్చింది? ఇంకెవరికైనా ఇచ్చుంటే నువ్వు దూరంగా నిలబడి ఏడ్చేదానివి. ఆ ఏడుపు నీచేత ఏం చేయిస్తుందోనని నాకు నిద్రుండేది కాదు. నీ పేరు పెట్టిన పని నువ్వు చెడగొట్టుకోవు. నిన్ను కట్టెయ్యడానికి ఇంకో తాడు దొరకలేదు."

"నన్ను చూసి నీకు భయమా అక్కా? మనిషిని తన్నుకుపోతున్నది నువ్వు."

ఊనా తడిసిన టోపీ తీసి విదిలించింది. "గురువారం గురువారం ఆయన పడవ నీ రేవులో ఉండేది. పొద్దుగూకేదాకా ఉండేది. మీ నవ్వులు రోడ్డు మీదికి వినబడేవి. మా ఇంటికొచ్చాక కూడా మర్డీనా ఇలా అంది, మర్డీనా అలా అంది. ఎంత మంచి కబురు చెప్పినా నీ పేరు లేకుండా సాగేది కాదు. పైగా నువ్వల్లిన స్వెట్టరు ఒంటిమీంచి తియ్యడు. ఉతకాలన్నా ఇవ్వడు."

మర్డీనా ఫార్కర్ వైపు చూసింది. కోటు చెయ్యి ఎగలాగి గిన్నె ఎత్తి పట్టుకున్నాడు, చేతి కింద తడిసిన పసుపు రఫ్ఫు మెరుస్తోంది. ఏదో ఒకటి అనాలి. నోటికొచ్చింది ఉన్ని మాటే.

"ఆ రంగేంటక్కా, అంత దరిద్రంగా? నీలం మీద పసుపా? నన్నడిగితే అదే నీలం ఇచ్చేదాన్ని కదా."

"నీలం నా దగ్గరుంది," అంది ఊనా. "నీ కొట్టులోనే కొన్నాను. పసుపు కావాలనే వేశాను. నీకు కనబడాలని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తర్వాత ఇద్దరూ ఒప్పుకోలేదు. ఫార్కర్ గిన్నె తీసుకుని వచ్చి, "ఏంటి, నన్ను చూసేనా?" అన్నాడు. "నీకెందుకు, అటుపో," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆ మధ్యాహ్నమే కొత్త జంట ఆర్క్నీకి బయల్దేరింది. సంతకాలైన పత్రం తిరిగి రిజిస్ట్రారుకి చేరితేనే పెళ్ళి నమోదవుతుంది. దానికి మూడు రోజులు గడువుంటుంది. ఎప్పుడూ ఆ పని మర్డీనాదే. ఊనా పత్రాన్ని ఆమె సంచీలో పెట్టి, సంచీ మూత తనే బిగించి, చెల్లెలి బుగ్గ గట్టిగా గిల్లి వెళ్ళింది.

మర్డీనా పోర్ట్రీకి ఒక్కతే నడిచింది. దారంతా సముద్రం పక్కనే ఉంది, గాలి సంచీని లాగుతూనే ఉంది. ఒక మలుపు దగ్గర ఆగి మూత తీసి చూసింది. అక్క వాలిన సంతకం, అతని గట్టి సంతకం, వాటికింద తనది. మూత మళ్ళీ బిగించింది.

కార్యాలయం మూసే వేళకి చేరుకుంది. రిజిస్ట్రారు పత్రం అందుకుని, చూసి, తల ఊపింది. "సరేనండీ, అయిపోయింది."

"పత్రం అందినట్టు రశీదు ఇవ్వండి," అంది మర్డీనా.

"దీనికి రశీదు ఇవ్వం కదా ఎప్పుడూ?"

"ఈసారి ఇవ్వండి. నోటిమాట మీద వదిలేసే అలవాటు మానుకున్నాను."